లొంగారు సరే, దేనికి? ఒక పదకుటుంబంపై డెస్కు కేస్ స్టడీ

వార్తల డెస్కులో భాషా సంపాదకుడిగా నా పనిలో అచ్చుతప్పులు దిద్దడం చిన్న భాగం. ఒక సందర్భానికి రెండు మూడు మాటలు పోటీపడినప్పుడు ఏది నిలవాలో తేల్చడం పెద్ద భాగం. అలా తేల్చినవాటిని స్టైల్ బుక్కులో చేరుస్తాం. ఈ వ్యాసం ఆ పుస్తకంలోని ఒకే ఒక్క పేజీ గురించి: లొంగడం, లోబడడం, తలొగ్గడం, శరణు కోరడం, దిగిరావడం, రాజీపడడం వంటి మాటల పేజీ. అది ఎందుకు రాయాల్సి వచ్చిందో, ఎలా రాశామో, ఏ మాట దగ్గర పట్టు వదలలేదో ఇక్కడ పెడుతున్నాను. అనువాదకులకు, విలేకరులకు, సాక్షుల మాటలను రాతలో పెట్టేవారికి ఇది పనికొస్తుందని నా నమ్మకం.

సమస్య

ఏజెన్సీల నుంచి ఇంగ్లిషులో వచ్చే వార్తల్లో ‘సరెండర్’ తరచూ కనిపిస్తుంది. నిందితుడు కోర్టులో సరెండర్ అవుతాడు. బీమా పాలసీని సరెండర్ చేస్తారు. ఉద్యోగులు సెలవులను సరెండర్ చేస్తారు. ప్రవచనకర్త దేవునికి సరెండర్ కమ్మంటారు. పనికి కొత్తవారి చేతిలో ఈ నాలుగూ ‘లొంగుబాటు’గానే వచ్చేవి. ఇలాంటివి పట్టుకోవడం తేలిక, దిద్దడం ఇంకా తేలిక.

కష్టమైనవి వేరే ఉన్నాయి. వ్యాకరణ దోషం లేనివి, రోజూ చదివేవి, ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించనివి. ‘ఒత్తిడికి ప్రభుత్వం తలొగ్గింది’, ‘అజ్ఞాత దళ సభ్యుడు లొంగిపోయాడు’, ‘మాయమాటలు చెప్పి బాలికను లొంగదీసుకున్నాడు’. ఈ మూడింటిలోనూ రాసినవారు తమకు తెలియకుండానే ఒక పక్షం తీసుకున్నారు. మూడో వాక్యం గురించి న్యాయవాద వృత్తిలో ఉన్న ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఆ బాలిక లొంగిందని మీకెవరు చెప్పారన్నది ఆమె ప్రశ్న. ఫిర్యాదులో ఆ మాట లేదు. కేసు పత్రాల్లోనూ లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని మాట అచ్చులోకి ఎక్కింది. ఆ ప్రశ్నకు సరైన జవాబు వెతకడంతో ఈ పేజీ మొదలైంది.

పద్ధతి

నిఘంటువులతో మొదలుపెట్టి లాభం లేదని త్వరగానే తెలిసింది. లొంగు అన్నచోట లోబడు, వశమగు అని ఉంటుంది. లోబడు అన్నచోట చూస్తే మళ్లీ లొంగు దగ్గరికే పంపుతారు. అర్థం తెలుస్తుంది గానీ ఏది ఎప్పుడు వాడాలో తెలియదు. అందువల్ల పాత సంచికల నుంచి క్రియలను కాకుండా పూర్తి వాక్యాలను తీసుకుని ఒక్కోదాన్నీ ప్రశ్నించాం. తగ్గింది ఎవరు, దేనికి తగ్గారు? తమ ఇష్టంతోనా, వేరే దారి లేకనా? అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ మాట ఎవరి నోటిది: తగ్గినవారిదా, నెగ్గినవారిదా, పక్కన నిలబడి చూసినవారిదా?

మూడో ప్రశ్న వేసేసరికి చాలా వాక్యాలు తడబడ్డాయి. తెలుగులో తగ్గడాన్ని చెప్పే మాటల్లో నిష్పక్షమైనవి చాలా కొద్ది. దాదాపు ప్రతి మాటకూ ఒక వైపు ఉంది.

‘కు’ ప్రత్యయం చెప్పే సంగతి

లొంగు అనే క్రియ ఒంటరిగా నిలవదు. ఎవరికి, దేనికి అన్న ప్రశ్నను వెంటబెట్టుకుని వస్తుంది. పోలీసులకు లొంగిపోయాడు. ప్రలోభాలకు లొంగలేదు. బెదిరింపులకు లొంగింది. ఆ ‘కు’ చేరిన మాటే వాక్యంలో బలం ఎటువైపు ఉందో చెబుతుంది.

వైద్య వార్తల్లో వాడే ‘మందులకు లొంగని క్షయ’ నాకు చాలా ఇష్టమైన పదబంధం. కనీసం ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ అనే రెండు ప్రధాన ఔషధాలకు లొంగని క్షయను వైద్యులు ప్రత్యేక రకంగా గుర్తిస్తారు, చికిత్స మారుస్తారు. ఈ పదబంధంలో బలం మందులది, ఎదురు నిలిచింది క్రిమి. రోగి ప్రసక్తే లేదు. వ్యాధి ఎంత మొండిదో తెలుస్తుంది, రోగి మీద మచ్చ పడదు. ఎవరు పుట్టించారో గానీ భాష మీద, మనుషుల మీద గౌరవం ఉన్నవారే అయి ఉండాలి.

ఇప్పుడు ‘కు’ తీసేసి చూడండి. ‘ఆమె లొంగింది’, ‘మంత్రి లొంగిపోయారు’. ఎదుటి బలం కనబడకుండా పోయి, లొంగినవారి బలహీనత ఒక్కటే మిగిలింది. మేం రాసుకున్న నియమాల్లో మొదటిది ఇక్కడే పుట్టింది: దేనికి లొంగారో రాయకుండా లొంగు అనే క్రియను వాడకూడదు. అది తెలియకపోతే ఆ క్రియ వాడే హక్కు మనకు లేదు.

దీని పక్కనే మరో జంట ఉంది. ‘ఒత్తిడికి లోనయ్యాడు’, ‘ఒత్తిడికి లొంగాడు’. మొదటిదాంట్లో ఒత్తిడి అతని మీద పనిచేసింది, అంతే. అతను దాన్ని తట్టుకుని నిలబడి ఉండవచ్చు కూడా. రెండోదాంట్లో అతను చేయకూడనిది ఏదో చేశాడు. అధికారి ఒత్తిడికి లోనయ్యాడని దర్యాప్తులో తేలితే, లొంగాడని రాయడం అతనిపై కొత్త ఆరోపణ మోపడమే. ‘లోబడి’ సంగతి మరీ వేరు. నిబంధనలకు లోబడి, చట్టానికి లోబడి అన్నప్పుడు ఓటమి లేదు, అవమానమూ లేదు. ఒక పరిధిని ఒప్పుకుని అందులో నడవడం మాత్రమే. అందుకే ఒప్పంద పత్రాల్లో ‘షరతులకు లోబడి’ అని రాస్తారు. అక్కడ ‘షరతులకు లొంగి’ అని రాస్తే ఎవరో మెడ మీద కత్తి పెట్టి సంతకం చేయించినట్లు ఉంటుంది.

లొంగదీసుకోవడం

పాఠకురాలి ఉత్తరం దగ్గరికి వస్తాను. ఈ పేజీ తయారీలో ఎక్కువ సమయం, ఎక్కువ వాదన ఈ ఒక్క క్రియకే పట్టాయి.

‘బాలికను లొంగదీసుకున్నాడు’ అన్న వాక్యం నిర్మాణం చూడండి. లొంగదీయడం అంటే లొంగేలా చేయడం. దానికి ‘కొను’ చేరింది. వండుకున్నాడు, రాసుకున్నాడు, దాచుకున్నాడు అన్నప్పుడు చేసిన పని ఫలం చేసినవాడికే దక్కుతుంది. ఇక్కడా అంతే, ఫలం అతనిది. బాలిక ‘ను’ చేరి వాక్యంలో కర్మగా మారింది. మొదటి నియమం ప్రకారం వెతికితే, దేనికి లొంగిందో చెప్పే మాట ఎక్కడా లేదు. బెదిరింపు, వయసు తేడా, ఇంట్లో అతనికున్న చనువు, డబ్బు, ఇవన్నీ ‘మాయమాటలు’ అన్న ఒక్క మాట కింద కనబడకుండా పోయాయి. ఆఖరికి ఆమె లొంగిందన్నది మాత్రం జరిగిపోయిన సంగతిగా మిగిలింది. నేరాన్ని చెప్పాల్సిన వాక్యం బాధితురాలి సమ్మతిని చెప్పింది.

చట్టం ఈ తేడాను గుర్తించడానికి చాలా కాలం పట్టింది. సమ్మతిలో లోబడడం ఇమిడి ఉండవచ్చు గానీ, లోబడినంత మాత్రాన సమ్మతించినట్లు కాదని పంజాబ్ హైకోర్టు 1950ల్లోనే చెప్పింది. అయినా 1978లో, పోలీసు స్టేషన్‌లో ఒక ఆదివాసీ బాలికపై జరిగిన అత్యాచారం కేసులో సుప్రీం కోర్టు నిందితులైన పోలీసులను నిర్దోషులుగా వదిలిపెట్టింది. ఆమె ఒంటిపై గాయాలు లేకపోవడం, ప్రతిఘటించిన ఆనవాళ్లు కనబడకపోవడం అందుకు కారణాలయ్యాయి. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లోబడడానికీ సమ్మతికీ ఉన్న తేడాను న్యాయస్థానం పట్టించుకోలేదన్నది వారి ముఖ్యమైన అభ్యంతరం. దేశమంతటా మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీ వంటి చోట్ల జరిగిన అత్యాచారాల్లో, తాను సమ్మతించలేదని బాధితురాలు కోర్టులో చెబితే సమ్మతి లేనట్లే భావించాలన్న నిబంధన సాక్ష్యాధారాల చట్టంలో చేరింది. 2013 సవరణతో మరో అడుగు పడింది. శారీరకంగా ఎదిరించలేదన్న ఒక్క కారణంతో స్త్రీ సమ్మతించినట్లు భావించరాదని చట్టమే స్పష్టంగా చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 63వ సెక్షన్‌లోనూ ఆ మాట ఉంది. ఇక 18 ఏళ్లు నిండని పిల్లల విషయంలో, 2012 నాటి పోక్సో చట్టం వచ్చాక సమ్మతి అన్న ప్రశ్నకే చోటు లేదు.

చట్టం ఇంత దూరం నడిచి వచ్చాక, పత్రికలోని ఒక క్రియ మాత్రం 1978 దగ్గరే నిలబడి ఉండడం నన్ను చాలా బాధించింది.

డెస్కులో అభ్యంతరాలు లేకపోలేదు. ఇది పాఠకులకు అలవాటైన మాట, ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో అత్యాచారం అన్న మాట కన్నా మృదువుగా ఉంటుంది అని కొందరు సీనియర్లు అన్నారు. ఆ వాదనను నేను తేలిగ్గా తీసుకోలేదు. పాఠకుల మర్యాదను పట్టించుకునే గుణం మంచిదే. కానీ ఆ మృదుత్వం వల్ల మేలు ఎవరికి జరుగుతోంది? నేరం చేసినవాడికి. బాధితురాలికి దక్కేది నింద. మర్యాద కావాలంటే వివరాలు తగ్గిద్దాం, పేరూ ఊరూ రాయకుండా ఉందాం. పేరు బయటపెట్టకూడదని చట్టం ఎలాగూ చెబుతోంది. నేరానికి మాత్రం దాని పేరు దానికే ఉండాలి. శీర్షికలో చోటు సరిపోదన్న మాట కూడా వచ్చింది. ‘బాలికపై అత్యాచారం’ అన్నది ‘మాయమాటలతో బాలికను లొంగదీసుకున్న యువకుడు’ కన్నా పొట్టిదే.

చివరికి నిర్ణయం ఇలా రాశాం. లైంగిక నేరాల వార్తల్లో లొంగదీసుకొను, లోబరచుకొను, వశపరచుకొను అనే క్రియలు వాడకూడదు. ఫిర్యాదులో ఉన్న నేరం పేరు రాయాలి: అత్యాచారం, లైంగిక దాడి, వేధింపు. మోసం ఉంటే మోసం, బెదిరింపు ఉంటే బెదిరింపు అని విడిగా చెప్పాలి. బాధితురాలి మాటలను మార్చకూడదు. ‘అరవలేకపోయాను’, ‘భయంతో ఊరుకున్నాను’, ‘ఒళ్లు కదల్లేదు’ అని ఆమె చెప్పినదాన్ని ‘లొంగిపోయానని తెలిపింది’ అని క్లుప్తం చేయడానికి వీల్లేదు. ఆమే ‘వాడి బెదిరింపులకు లొంగాను’ అని చెప్పిన సందర్భాలు ఉంటాయి. అప్పుడు ఆ మాటను ఆమె మాటగా, కొటేషన్ గుర్తుల మధ్య, ‘బెదిరింపులకు’ అన్నది వదలకుండా ఉంచాలి.

సాక్షుల వాంగ్మూలాలను ఇంగ్లిషులోకి తర్జుమా చేసేవారికి ఇది మరింత అవసరం. ‘ఊరుకున్నాను’ అన్నది అవతలి భాషలో ఒప్పుకోలుగా మారితే అప్పీలులో ఆ ఒక్క మాట మీదే గంటల తరబడి వాదన జరుగుతుంది. తెలుగులో ఊరుకోవడం అంటే మాట్లాడకుండా ఉండడం. అంతకు మించి ఏమీ కాదు.

సైన్యాలు, దళాలు

యుద్ధంలో లొంగుబాటు మాత్రం కచ్చితమైన మాట, అక్కడ దాన్ని దాచాల్సిన పని లేదు. 1971 డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ లెఫ్టినెంట్ జనరల్ నియాజీ సంతకం చేసింది లొంగుబాటు పత్రం మీదే. స్వీకరించినవారు భారత, బంగ్లాదేశ్ బలగాల తరఫున లెఫ్టినెంట్ జనరల్ జగ్జీత్ సింగ్ అరోరా. కానీ లొంగిపోయింది పాకిస్తాన్ సైన్యం. ‘తూర్పు పాకిస్తాన్ లొంగిపోయింది’ అని రాస్తే అక్కడి ప్రజలను ఓడినవారిలో కలిపేసినట్లవుతుంది, ఆ రోజు వాళ్లు గెలిచారు. మన చరిత్రలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 1948 సెప్టెంబర్‌లో నిజాం సైన్యం తరఫున ఎల్ ఎద్రూస్ భారత సైన్యపు మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురికి లొంగిపోయారు. దాన్ని ‘హైదరాబాద్ లొంగుబాటు’ అని శీర్షిక పెడితే, రజాకార్లను ఎదిరించి ప్రాణాలిచ్చిన పల్లెలు కూడా లొంగినట్లవుతుంది. ఆ రోజును విలీనం అనాలా, విమోచనం అనాలా అన్న వాదన ఇప్పటికీ ఉంది, ఉంటుంది. లొంగుబాటును మాత్రం సైన్యం దాకే ఉంచాలి.

ఓడినవారు ఈ మాటను ఎంత దూరం పెడతారో చెప్పడానికి జపాన్ ఉదాహరణ చాలు. 1945 ఆగస్టు 15న చక్రవర్తి హిరోహితో రేడియో ప్రసంగంలో లొంగిపోతున్నామన్న మాటే లేదు. మిత్రరాజ్యాల ఉమ్మడి ప్రకటనలోని నిబంధనలను అంగీకరిస్తున్నట్లు మాత్రమే చెప్పారు. ఆ ప్రకటన జులై 26న పోట్స్‌డామ్ నుంచి వెలువడింది, అది కోరిందేమో బేషరతు లొంగుబాటు. ఒకే సంఘటనకు ఒకరి నోట అంగీకారం, మరొకరి నోట లొంగుబాటు. ఇలాంటివి రాసేటప్పుడు ఎవరు ఏ మాట అన్నారో రెండూ చెప్పాలి. ఒకరి మాటను తీసి రెండోవారి నోట్లో పెట్టకూడదు.

అజ్ఞాత దళాల వార్తల్లో ఇది మరీ సున్నితం. పోలీసులు ‘లొంగుబాటు’ అంటారు, లేదా ‘జనజీవన స్రవంతిలో కలిశారు’ అంటారు. ముందే అదుపులోకి తీసుకుని తర్వాత లొంగినట్లు చూపారని కుటుంబ సభ్యులు చెప్పే సందర్భాలూ ఉంటాయి. మనం కళ్లారా చూసింది విలేకరుల సమావేశం మాత్రమే. కాబట్టి ‘లొంగిపోయినట్లు పోలీసులు ప్రకటించారు’ అని రాయాలి. ఇది అతి జాగ్రత్తేమీ కాదు. ఆయుధం వదిలి లొంగినవారి పట్ల మానవీయంగా వ్యవహరించాలని 1949 జెనీవా ఒప్పందాలు చెబుతున్నాయి. లొంగిన సైనికుడిని చంపడం యుద్ధ నేరం. ఒక వ్యక్తి లొంగాడా, పట్టుబడ్డాడా, ఎదురుకాల్పుల్లో చనిపోయాడా అన్న మూడు మాటల మధ్య చట్టపరంగా ఎంతో దూరం ఉంది. క్రియ ఎంచుకోవడంలో తొందరపడితే ఆ దూరం చెరిగిపోతుంది.

హిందీ నుంచి వచ్చే వార్తలకు ఒక హెచ్చరిక కూడా రాశాం. అక్కడ ఆత్మసమర్పణ అంటే లొంగిపోవడం. దాన్ని చూసి తెలుగులో ఆత్మార్పణ అని రాస్తే మనిషి చనిపోయాడని అర్థం.

తల, చేతులు, కాళ్లు

తగ్గడాన్ని చెప్పడానికి తెలుగు ఒంటిలోని ప్రతి అవయవాన్నీ వాడుకుంది. ఈ మాటల్లో ఒకదాని బదులు ఇంకొకటి పెడితే అర్థం పక్కదారి పడుతుంది.

ఒగ్గడం అంటే ముందుకు చాచి పట్టడం, దోసిలొగ్గడంలో ఉన్నది అదే. తలొగ్గినవాడు ఎదుటివాడు ఏం చేసినా సరేనని తల ముందుకు పెట్టాడు. అందుకే ఆ మాటలో గట్టి ఒత్తిడి వినిపిస్తుంది. తలవంచడం అలా కాదు, అది గౌరవంతోనూ జరుగుతుంది, సిగ్గుతోనూ జరుగుతుంది. తీర్పుకు తలవంచిన నాయకుడిని మెచ్చుకోవచ్చు. తీర్పుకు తలొగ్గాడంటే ఇష్టం లేకుండా ఒప్పుకున్నాడని చెప్పినట్లు.

చేతులెత్తేయడం దగ్గర కొత్తవారు తరచూ తడబడతారు. ‘వైద్యులు చేతులెత్తేశారు’ అంటే తమ వల్ల కాదన్నారని. శత్రువు లేడు, ఉన్నది అశక్తత. ‘సైనికులు చేతులెత్తేశారు’ అని రాస్తే శత్రువుకు లొంగారా, పోరాడలేమని విరమించారా అన్నది తేలదు. యుద్ధ వార్తల్లో ఈ మాట వద్దని రాశాం. క్రీడా వార్తల్లో ఉండనిచ్చాం, అక్కడ ఆ సందేహానికి తావు లేదు.

వెన్ను చూపినవాడు లొంగలేదు, పారిపోయాడు. కాడి పారేసినవాడు ఎవరికీ లొంగలేదు, పని మధ్యలో వదిలేశాడు. అస్త్రసన్యాసం చేసినవాడు కూడా లొంగలేదు. అశ్వత్థామ మరణించాడని విని ద్రోణుడు ఆయుధాలు వదిలిపెట్టింది పాండవులకు తలవంచి కాదు, పుత్రశోకంతో. ‘పోటీకి ముందే అభ్యర్థి అస్త్రసన్యాసం’ అన్న శీర్షిక అందమైనదే. అయితే అతను ప్రత్యర్థితో చేతులు కలిపి తప్పుకుంటే ఆ మాట అక్కడ నప్పదు. కాళ్లబేరానికి రావడంలో ఒక చిన్న కథే ఉంది: మొదట బింకం, తర్వాత ప్రాధేయపడడం. ముందు బింకం లేని పేదవాడు సాయం అడిగితే దాన్ని కాళ్లబేరం అనడం అతన్ని అవమానించడమే.

ప్రభుత్వాలు దిగివచ్చినప్పుడు

దిగిరావాలంటే ముందు పైన ఉండాలి. అందుకే ప్రభుత్వం, యాజమాన్యం దిగివస్తాయి. కార్మికులు దిగివచ్చారని ఎవరూ రాయరు. ఉద్యమకారుల వైపు నుంచి చూస్తే దిగివచ్చింది, విమర్శకుల వైపు నుంచి తలొగ్గింది, సర్కారు ప్రకటనలో సానుకూలంగా స్పందించింది. ‘మెడలు వంచాం’ అన్నది గెలిచామని చెప్పుకునేవారి మాట. ఆ నాయకుడి నోట ఉన్నప్పుడు ఉంచాలి, వార్త రాసేవారి నోట ఉండకూడదు.

ఒక్కోసారి ఏ క్రియా సరిపోదు. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబర్ 19న నిరాహార దీక్ష మొదలుపెట్టి డిసెంబర్ 15న కన్నుమూశారు. డిసెంబర్ 19న ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటుపై ప్రకటన చేశారు. కేంద్రం దిగివచ్చిందనడం ఆ మరణం బరువును తగ్గిస్తుంది. తలొగ్గిందంటే న్యాయమైన కోరికను మొండి ఒత్తిడిగా చూపినట్లవుతుంది. ఇలాంటి చోట క్రియ కోసం వెతకకుండా తేదీలను వరుసగా చెప్పమని స్టైల్ బుక్కులో రాశాం.

రాజీ గురించి ఒక మాట చెప్పాలి. రాజకీయ వార్తల్లో ‘రాజీపడ్డాడు’ అంటే నింద. లోక్ అదాలత్‌ల దగ్గర కట్టే బ్యానర్ల మీదేమో ‘రాజీమార్గమే రాజమార్గం’. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది, దానిపై అప్పీలు లేదు. రెండు పక్షాలూ కొంత వదులుకుని కొంత నిలుపుకుంటే రాజీ కుదిరింది అనాలి. ఒక్కరే వదులుకుంటే దానికి రాజీ అన్న పేరు పెట్టకూడదు. పట్టువిడుపు అన్న చక్కని మాట మనకుంది. పట్టు, విడుపు రెండూ ఒకే మనిషిలో ఉండాలని ఆ సమాసమే చెబుతోంది. చర్చల వార్తల్లో దాన్ని ఇంకా ఎక్కువగా వాడాలని నా కోరిక.

శరణు

ఆధ్యాత్మిక వ్యాసాల్లో లొంగుబాటు అన్న మాట ఎందుకు పొసగదో కొత్తవారికి వివరించడానికి నేను గజేంద్ర మోక్షాన్ని తీసుకుంటాను. పోతన చిత్రించిన ఆ ఏనుగు మొసలితో ఏళ్ల తరబడి పోరాడి, బలమంతా ఉడిగాక ‘నీవే తప్ప నితఃపరం బెరుగ’ అని మొరపెట్టుకుంది. అది మొసలికి లొంగలేదు. హరిని శరణు వేడింది. ఇంగ్లిషులో ఈ రెండింటికీ ఒకే మాట వాడవచ్చు, తెలుగులో మాత్రం రెండూ ఎదురెదురు దిక్కులు. లొంగితే ఎదుటివాడికి అధికారం దక్కుతుంది. శరణు కోరితే ఎదుటివాడికి బాధ్యత పడుతుంది. శరణుకు జవాబు అభయం. విభీషణుడు వచ్చినప్పుడు సుగ్రీవుడు అనుమానించినా రాముడు అభయం ఇవ్వక తప్పలేదు, అది తన వ్రతమన్నాడు. శ్రీవైష్ణవ సంప్రదాయం శరణాగతికి ఆరు అంగాలు చెబుతుంది. వాటిలో రక్షిస్తాడన్న విశ్వాసం ఒకటి. ఆ విశ్వాసం లేనిచోట శరణాగతి అన్న మాటకు చోటు లేదు.

ఇస్లాం అన్న మాటలోనే దైవానికి తనను సమర్పించుకోవడం అన్న అర్థం ఉంది. తెలుగు క్రైస్తవుల వాడుకలో లోబడడం, సమర్పించుకోవడం ఉన్నాయి. ఏ మతం గురించి రాసినా ఆ విశ్వాసులు వాడే తెలుగు మాటనే తీసుకోమన్నాం. దాసోహం విషయంలో మేం ఏమీ మార్చలేకపోయాం. ‘నేను దాసుణ్ని’ అన్న భక్తుని మాట, వీరశైవులకు సేవాధర్మం పేరు, పత్రికల్లో ‘డబ్బుకు దాసోహం’గా స్థిరపడింది. ఆ వాడుకను వెనక్కి తిప్పడం ఒక డెస్కు వల్ల అయ్యే పని కాదు. భక్తి సందర్భంలో దాన్ని నిందగా వాడవద్దని మాత్రం రాశాం.

మిగిలిన పద్దులు

డబ్బు, భూమి, పత్రాల విషయంలో పేజీ చాలా చిన్నది. బీమాలో జనం ‘సరెండర్ విలువ’ అంటారు, అదే ఉంచాం. సెలవుల విషయంలోనూ సరెండర్ అన్న మాటనే ఉద్యోగులు వాడతారు. భూసంస్కరణల చట్టం, 1973 కింద పరిమితికి మించిన భూమిని ప్రభుత్వానికి ‘స్వాధీనం చేశారు’. పాస్‌పోర్టు, ఆయుధ లైసెన్సు ‘అప్పగించారు’. అద్దె ఇల్లు ‘ఖాళీ చేసి అప్పగించారు’. ఖాళీ చేయడం వేరు, అప్పగించడం వేరు కాబట్టి వివాదం ఉన్న కేసుల్లో రెండూ విడిగా రాయాలి.

పేజీ అమల్లోకి వచ్చాక నేర వార్తల్లో ‘లొంగదీసుకున్నాడు’ మా పత్రికలో కనిపించడం ఆగిపోయింది. విలేకరులు పంపే కాపీలో ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, డెస్కులో మారుతుంది. ఉత్తరం రాసిన న్యాయవాదికి పేజీ ప్రతిని పంపాం. వాంగ్మూలాల తర్జుమా గురించిన భాగం ఆమె సూచనతో చేర్చిందే.

తర్వాతి సవరణకు ఒక అంశం సిద్ధంగా ఉంది: మరణ వార్తలు. ఇంగ్లిషు వార్తల్లో గాయాలకు, వ్యాధికి మనిషి లొంగినట్లు రాసే పద్ధతి ఉంది. తెలుగులో మనం ‘గాయాలతో మరణించారు’, ‘చికిత్స పొందుతూ కన్నుమూశారు’ అంటాం, బాగుంది. ఈ మధ్య మాత్రం ‘క్యాన్సర్‌తో పోరాడి ఓడారు’ అన్న వాక్యం పెరుగుతోంది. రోగి ఓడిపోవడానికి అది పందెం కాదు. బతికి బయటపడినవారు ‘క్యాన్సర్‌ను జయించాను’ అని తమ గురించి చెప్పుకుంటే అది వారి మాట, వారి హక్కు, దాన్ని అలాగే ఉంచాలి. చనిపోయినవారి మీద ఓటమిని మనం రాయవద్దన్నది నా ప్రతిపాదన. డెస్కులో దానిపై చర్చ ఇంకా సాగుతోంది.